షాకిల్ రిపోర్టు అంతా పచ్చగా ఉంది, డేటా మాత్రం తప్పులతడక. ఎక్కడ తేడా కొడుతోంది?

#1 · కొత్త_గ్రాఫ్

అందరికీ నమస్కారం. పుస్తకాలు, రచయితల సమాచారం ఉన్న ఒక ఓపెన్ డేటాసెట్ మీద పని చేస్తున్నాను. మూడు నాలుగు చోట్ల నుంచి తెచ్చిన టర్టిల్ ఫైళ్లు (ఆర్‌డీఎఫ్ గ్రాఫ్ డేటాని రాసే ఒక ఫార్మాట్) కలిపితే సుమారు 40 లక్షల ట్రిపుల్స్ (దేని గురించి, ఏ ప్రాపర్టీ, ఏ విలువ అన్న మూడు ముక్కల వాక్యాలు) అయ్యాయి. చాలామంది రచయితలకు వికీడేటాకు సేమ్‌యాజ్ లింకులు (ఇద్దరూ ఒకరే అని చెప్పేవి) కూడా ఉన్నాయి.

శుభ్రం చేసే ముందు వాలిడేషన్ చేద్దామని షాకిల్‌లో (ఆర్‌డీఎఫ్ డేటా ఎలా ఉండాలో నియమాలు రాసే భాష) ఒక చిన్న షేప్, అంటే నియమాల కట్ట, రాశాను. టార్గెట్‌క్లాస్ (ఏ రకం వాటిని పరీక్షించాలో చెప్పేది) స్కీమా డాట్ ఆర్గ్ పదజాలంలోని పర్సన్. నియమాలు మూడే: పేరు కనీసం ఒకటి ఉండాలి, పుట్టిన తేదీ ఒకటికి మించి ఉండకూడదు, అది డేట్ రకంలో ఉండాలి. పైషాకిల్ అనే టూల్‌తో నడిపితే "కన్ఫార్మ్స్: ట్రూ" (అంతా నియమాల ప్రకారమే ఉంది) అని వచ్చింది. బాగానే ఉందనుకుని ఫైలు తెరిస్తే మొదటి పేజీలోనే ఒకాయనకు రెండు పుట్టిన తేదీలు, ఇంకొకరికి అసలు పేరే లేదు!

షేప్ తప్పా, టూల్ తప్పా? షాకిల్ వదిలేసి అలాంటిదే ఇంకో భాష షెక్స్ వాడితే నయమా? ఇంకో సందేహం కూడా ఉంది. అసలు ఈ డేటాలో ఏమేం ఉన్నాయో నాకే సరిగ్గా తెలియదు. తెలియని దానికి స్కీమా ఎలా రాయాలి?

#2 · స్పార్కుల్‌వాలా

టూల్‌ని అనుమానించే ముందు ఒక స్పార్కుల్ (ఆర్‌డీఎఫ్ డేటాని ప్రశ్నించే భాష) క్వెరీ నడపండి. మీ డేటాలో టైప్‌గా ఏయే క్లాసులు ఉన్నాయి, ఒక్కోదానికి ఎన్ని నోడ్లు (గ్రాఫ్‌లోని మనుషులు, వస్తువులు) ఉన్నాయి అని లెక్క తీసి ఇక్కడ పెట్టండి. షేప్‌లో రాసిన క్లాస్ ఐఆర్‌ఐని (వెబ్ చిరునామాలా ఉండే గుర్తింపు) కూడా అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. స్కీమా డాట్ ఆర్గ్ అన్నారు కాబట్టి నాకు ఒక అనుమానం ఉంది, కానీ చూశాకే చెబుతా.

#3 · కొత్త_గ్రాఫ్

డేటాలో ఐఆర్‌ఐ "హెచ్‌టీటీపీ"తో మొదలవుతోంది. నా షేప్‌లో "హెచ్‌టీటీపీఎస్". ఆ ఒక్క "ఎస్" తీసేసి మళ్లీ నడిపితే 11 వేల పైచిలుకు వయొలేషన్లు (నియమం తప్పిన చోట్లు). ఇప్పుడు పచ్చ పోయి అంతా ఎరుపు. ఏది నయమో అర్థం కావట్లేదు.

#4 · నిదానం

ఎరుపే నయం. ఇందాక వచ్చిన పచ్చ రంగుకి అర్థం "అంతా సరిగ్గా ఉంది" అని కాదు, "నేను ఎవర్నీ చూడలేదు" అని. షాకిల్ స్పెసిఫికేషన్ ప్రకారం టార్గెట్‌కి ఒక్క నోడ్ కూడా దొరక్కపోతే ఒక్క వయొలేషనూ ఉండదు. వయొలేషన్ లేకపోతే కన్ఫార్మ్స్ ట్రూ. టూల్ చేసింది నూటికి నూరు పాళ్లూ సరైన పనే. ఎంత మందిని పరీక్షించానన్న సంఖ్య రిపోర్టులో ఉండాలని స్పెసిఫికేషన్ అడగదు. నా దృష్టిలో షాకిల్‌లో ఉన్న పెద్ద లోటు ఇదే.

ఇలా నిశ్శబ్దంగా జారిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. మిన్‌కౌంట్ (కనీసం ఎన్ని విలువలుండాలి) అన్న పదంలో పెద్ద "సి" బదులు చిన్న "సి" పడితే వాలిడేటర్‌కి అది తెలియని ప్రాపర్టీ, పట్టించుకోకుండా పోతుంది. పాత్‌లో (నియమం ఏ ప్రాపర్టీని చూడాలో చెప్పేది) ప్రిఫిక్స్, అంటే ఐఆర్‌ఐ మొదటి భాగానికి వాడే పొట్టి పేరు, తప్పుగా ఉన్నా అంతే. మాక్స్‌కౌంట్ 1 అని పెట్టిన ఆ పాత్ డేటాలో ఎక్కడా లేకపోతే అందరూ పాసే. టార్గెట్‌క్లాస్‌తో ఇంకో తిరకాసు ఉంది. సబ్‌క్లాసుల సభ్యుల్ని కూడా అది పట్టుకుంటుంది, కానీ ఆ సబ్‌క్లాస్‌ఆఫ్ ట్రిపుల్స్ డేటా గ్రాఫ్‌లో ఉంటేనే. మీ డేటాలో కొందరికి "రచయిత" అని వేరే క్లాస్ ఇచ్చి, అది పర్సన్‌కి సబ్‌క్లాస్ అన్న సంగతి ఆంటాలజీ (క్లాసుల, ప్రాపర్టీల నిర్వచనాలు) ఫైల్లో మాత్రమే ఉందనుకోండి, వాళ్లంతా తప్పించుకుంటారు. పైషాకిల్‌లో "మైనస్ ఈ" ఆప్షన్‌తో ఆంటాలజీ ఫైల్‌ని కలిపి ఇవ్వొచ్చు.

నేను పాటించేది ఒకటే. ప్రతి షేప్‌కీ పక్కన ఒక చెడ్డ నమూనా ఫైల్ పెట్టుకుంటాను: పేరు లేని మనిషి, రెండు తేదీల మనిషి, ఫిబ్రవరి 30న పుట్టిన మనిషి. (చివరిది కూడా డేటాటైప్ నియమానికి దొరుకుతుంది. రకం డేట్ అని రాసి ఉన్నా లోపల విలువ చెల్లకపోతే షాకిల్ ఒప్పుకోదు.) ముందు ఈ ఫైల్ మీద నడిపి ఎరుపు వచ్చాకే అసలు డేటా జోలికి వెళ్తాను.

#5 · ఔల్_అభిమాని

ఒక అమాయకపు ప్రశ్న. ఆంటాలజీలో డొమైన్ (ప్రాపర్టీ ఎవరికి), రేంజ్ (విలువ ఏ రకం), కార్డినాలిటీ (ఎన్ని విలువలు) అన్నీ రాసుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది కదా. ఔల్‌లో (ఆంటాలజీలు రాసే భాష) ఫంక్షనల్ ప్రాపర్టీ అంటే ఒకే విలువ అనేగా? రీజనర్ నడిపితే సరిపోయేదానికి ఇంకో రెండు భాషలు ఎందుకు?

#6 · కేటలాగర్

ప్రశ్న అమాయకమైనదేం కాదండీ, చాలా ఏళ్లు చాలామంది ఇదే అడిగారు. రీజనర్ పని కొత్త విషయాలు రాబట్టడం, తప్పులు పట్టడం కాదు. పుట్టిన స్థలం ప్రాపర్టీకి రేంజ్ "స్థలం" అని రాశారనుకుందాం. ఎవరో పొరపాటున అక్కడ తండ్రి ఐఆర్‌ఐ పెట్టారు. రీజనర్ కేక వేయదు, "ఓహో, ఈ తండ్రి ఒక స్థలం కూడా అన్నమాట" అని ఇంకో ట్రిపుల్ చేర్చి ఊరుకుంటుంది. మనిషి, స్థలం రెండూ డిస్‌జాయింట్ (ఏదీ ఒకేసారి రెండూ కాలేదు) అని విడిగా చెబితే తప్ప దానికి అందులో వైరుధ్యం కనిపించదు.

ఫంక్షనల్ సంగతీ అంతే. పుట్టిన స్థలానికి రెండు వేర్వేరు ఐఆర్‌ఐలు ఉంటే, ఆ రెండూ ఒకే చోటు అని తేలుస్తుంది. రెండు వేర్వేరు తేదీలైతే మాత్రం, అవి లిటరల్స్ (ఐఆర్‌ఐలు కాదు, నేరుగా రాసిన విలువలు) కాబట్టి, వైరుధ్యం అంటుంది. ఇక పేరు లేని మనిషి విషయంలో నోరే ఎత్తదు. ఓపెన్ వరల్డ్ కదా, పేరు ఎక్కడో ఉండే ఉంటుంది, మనకి ఇంకా తెలియలేదంతే అనుకుంటుంది. మీకు కావలసింది "ఈ ఫైల్లో పేరు లేదు" అన్న మాట. దానికి వేరే పనిముట్టు కావాలి.

ఈ చిక్కు తీర్చాలనే 2013లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వాళ్లు ఆర్‌డీఎఫ్ వాలిడేషన్ మీద వర్క్‌షాప్ పెట్టారు. అప్పటికి ఎవరి దారి వాళ్లది: కొందరు స్పిన్, కొందరు రిసోర్స్ షేప్స్, మిగతావాళ్లు నేరుగా స్పార్కుల్ క్వెరీలు. 2014లో వర్కింగ్ గ్రూప్ మొదలైంది. షెక్స్ వైపు వాళ్లూ షాకిల్ వైపు వాళ్లూ ఒక్క తాటి మీదికి రాలేదు. 2017 జులై 20న షాకిల్ డబ్ల్యూ3సీ రికమెండేషన్ (అధికారిక ప్రమాణం) అయింది, షెక్స్ కమ్యూనిటీ గ్రూప్ స్పెసిఫికేషన్‌గా తన దారిన తాను పెరిగింది. రెండు భాషలు ఎందుకున్నాయంటే ఇదీ కథ.

#7 · ఔల్_అభిమాని

తండ్రి స్థలం అయిపోవడం బాగుంది :) అర్థమైంది.

#8 · షేప్_మాస్టారు

కొత్త_గ్రాఫ్ గారి రెండో ప్రశ్నకి వస్తా. షెక్స్‌కి మారితే నయమా? మీ ఫైల్‌కి ఏదైనా సరిపోతుంది, కానీ రెండింటి స్వభావం వేరు. షాకిల్‌ని నియమాల జాబితాలా చదవాలి: ఈ నోడ్ మీద ఈ షరతు, ఆ షరతు, అన్నీ నెగ్గాలి. షెక్స్ వ్యాకరణం లాంటిది. నోడ్ చుట్టూ ఉన్న ట్రిపుల్స్ ఈ నమూనాలో ఇముడుతాయా అని చూస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాసిన చేతికి వెంటనే అలవాటవుతుంది.

వికీడేటా రచయితకి ఒక షేప్ ఇలా ఉంటుంది (ప్రిఫిక్స్‌లు తీసేశా):

<రచయిత> ఎక్స్‌ట్రా పీ31 {
  పీ31 [ క్యూ5 ] ;
  పీ106 ఐఆర్‌ఐ + ;
  పీ569 డేట్‌టైమ్ ? ;
  పీ19 @<స్థలం> ?
}
<స్థలం> {
  పీ17 ఐఆర్‌ఐ +
}

పీ31 అంటే ఏ రకం, క్యూ5 అంటే మనిషి, పీ106 వృత్తి, పీ569 పుట్టిన తేదీ, పీ19 పుట్టిన స్థలం, పీ17 దేశం. కూడిక గుర్తు ఉంటే కనీసం ఒకటి, ప్రశ్న గుర్తు ఉంటే ఒకటి లేదా సున్నా, నక్షత్రం గుర్తు (ఆస్టరిస్క్) ఉంటే ఎన్నైనా.

రెండు భాషలూ కలిపి వాడేవాళ్లు ఎక్కువగా తడబడేది ఏ గుర్తూ లేని చోట. షెక్స్‌లో గుర్తు లేకపోతే "సరిగ్గా ఒకటి". షాకిల్‌లో మిన్‌కౌంట్, మాక్స్‌కౌంట్ రాయకపోతే "సున్నా నుంచి ఎన్నైనా". ఒకే మనిషి పొద్దున షాకిల్, సాయంత్రం షెక్స్ రాస్తే ఏదో ఒకటి తప్పకుండా తప్పుతుంది.

ఆ ఎక్స్‌ట్రా అన్నది దేనికంటే, షేప్‌లో ఒక ప్రెడికేట్ (ప్రాపర్టీ) పేరు ఎత్తాక దాని ట్రిపుల్స్ అన్నీ నమూనాకి సరిపోవాలని షెక్స్ పట్టుబడుతుంది. వికీడేటాలో ఒక ఐటమ్‌కి పీ31లో మనిషితో పాటు ఇంకో విలువ ఉండటం మామూలే. ఎక్స్‌ట్రా లేకపోతే ఆ రెండో విలువ వల్ల ఐటమ్ మొత్తం ఫెయిల్. షేప్‌లో పేరే ఎత్తని ప్రెడికేట్లు మాత్రం క్లోజ్డ్ అని రాస్తే తప్ప అడ్డం రావు.

టార్గెట్ విషయంలో షెక్స్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. ఎవర్ని పరీక్షించాలో షేప్‌లో ఉండదు, షేప్ మ్యాప్ అని వేరే ఇస్తాం: ఈ నోడ్‌ని ఈ షేప్‌తో చూడు అని. ఫలితం కూడా నోడ్ వారీగా వస్తుంది, ఇది పాస్, ఇది ఫెయిల్ అని. జాబితా ఖాళీగా ఉంటే ఖాళీగానే కనిపిస్తుంది. మీకు మొదట జరిగినట్టు మోసపోయే అవకాశం తక్కువ. ఇంకో తేడా, షేపులు ఒకదాన్నొకటి చుట్టి చుట్టి పిలుచుకోవడాన్ని (రచయిత, ఆయన గురువు, గురువు కూడా రచయితే) షెక్స్ స్పెసిఫికేషన్ నిర్వచించింది. షాకిల్ 2017 స్పెసిఫికేషన్ రికర్షన్‌ని నిర్వచించకుండా టూల్ రాసేవాళ్లకే వదిలేసింది.

#9 · పైప్‌లైన్

షాకిల్‌కే నా ఓటు. పుట్టిన తేదీ చనిపోయిన తేదీ కంటే ముందుండాలి అన్న ఒక్క నియమాన్ని షెక్స్‌లో రాసి చూపించండి. షాకిల్‌లో లెస్‌దాన్ అని ఒక్క లైను.

#10 · షేప్_మాస్టారు

ఒప్పుకున్నా. షెక్స్‌లో రెండు ప్రాపర్టీల విలువల్ని పోల్చడానికి సిమాంటిక్ యాక్షన్స్ అనే పక్కదారి పట్టాలి, అది టూల్‌ని బట్టి మారుతుంది. కానీ లెస్‌దాన్‌కీ ఒక మెలిక ఉంది. పుట్టిన తేదీ పూర్తి తేదీగా, చనిపోయింది ఒట్టి సంవత్సరంగా ఉంటే ఆ రెండింటినీ పోల్చలేదు. పోల్చలేకపోతే వదిలేయదు, వయొలేషన్ అని రాసేస్తుంది. రిపోర్టు చదివేవాడు "చచ్చాక పుట్టాడట" అని నవ్వుకుంటాడు, అసలు సంగతి డేటాటైప్ తేడా.

#11 · కొత్త_గ్రాఫ్

మాస్టారూ, మీ షేప్‌ని సేమ్‌యాజ్ లింకులున్న కొందరు వికీడేటా రచయితల మీద నడిపాను. చాలామంది పాస్. ఫెయిలైనవాళ్లలో ఎక్కువమంది పీ569 దగ్గరే ఆగారు. కొందరికి రెండు తేదీలు. ఒకరికైతే తేదీ ఉండాల్సిన చోట "జెన్‌ఐడీ" అని ఏదో పొడుగాటి ఐఆర్‌ఐ ఉంది. పాసైనవాళ్లలో కూడా జనవరి 1న పుట్టినవాళ్లు అనుమానం వచ్చేటంత మంది ఉన్నారు. ఇదేంటి?

#12 · కేటలాగర్

ఇక్కడే అసలు విషయం ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు జనవరి 1. వికీడేటాలో ప్రతి తేదీకీ ఒక ప్రిసిషన్ ఉంటుంది: 11 అయితే రోజు వరకు తెలుసు, 10 అయితే నెల వరకు, 9 అయితే సంవత్సరం వరకే. మీరు చూస్తున్నది డబ్ల్యూడీటీ ప్రిఫిక్స్‌తో వచ్చే సులువు దారి. అందులో ప్రిసిషన్ ఉండదు. సంవత్సరం మాత్రమే తెలిసిన తేదీ కూడా ఆ ఏడాది జనవరి 1 అర్ధరాత్రిగా, డేట్‌టైమ్ రకంలో బయటికి వస్తుంది. స్కీమా దృష్టిలో అది నిఖార్సైన తేదీ. నిజం కావాలంటే స్టేట్‌మెంట్ నోడ్‌కి, అక్కడి నుంచి పూర్తి విలువ ఉన్న నోడ్‌కి వెళ్లి టైమ్‌ప్రిసిషన్ చూడాలి. షేప్ కూడా ఆ దారి వెంటే రాయాలి. రెండు మెట్లు ఎక్కువ, కానీ తప్పదు.

జెన్‌ఐడీ ఐఆర్‌ఐ అంటే "విలువ ఉంది, కానీ తెలియదు" అని. ఎవరో ఎడిటర్ కావాలనే అలా నమోదు చేశారు. అది ఖాళీ కాదు, తప్పూ కాదు, అది కూడా సమాచారమే. మీ షేప్ డేట్‌టైమ్ తప్ప ఇంకేదీ ఒప్పుకోనంది కాబట్టి ఫెయిలైంది.

రెండు తేదీలు ఎందుకంటే, మూలాలు రెండు చెబుతున్నాయి కాబట్టి. వికీడేటా స్టేట్‌మెంట్లకి ర్యాంకులుంటాయి. ఎవరైనా ఒకదానికి ప్రిఫర్డ్ ర్యాంక్ ఇస్తే సులువు దారిలో అదొక్కటే వస్తుంది. ఇవ్వకపోతే నార్మల్ ర్యాంకువన్నీ వస్తాయి. అంటే "పుట్టిన తేదీ ఒకటే ఉండాలి" అని మీరు వికీడేటాని అడుగుతున్న ప్రశ్న నిజానికి "దీని మీద ఎడిటర్లు ఒక నిర్ణయానికొచ్చారా" అని అర్థమిస్తోంది. మంచి ప్రశ్నే, కానీ మీరు అడగాలనుకున్నది కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, స్కీమా బిగించిన కొద్దీ డేటా బాగుపడుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. షేక్స్‌పియర్ విషయం చూడండి. 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం జరిగినట్టు చర్చి రిజిస్టర్లో ఉంది, పుట్టిన రోజుకి రికార్డు లేదు. "పుట్టిన తేదీ తప్పనిసరి, పూర్తి తేదీగానే ఉండాలి" అని స్కీమా పెట్టి, పాస్ కాకపోతే రికార్డు తీసుకోం అన్నారనుకోండి, డేటా ఎంట్రీ చేసే మనిషి ఏం చేస్తాడు? ఏదో ఒక తేదీ కొట్టి పని ముగిస్తాడు. స్కీమా పాస్, రిపోర్టు పచ్చ, అబద్ధం ఒకటి గ్రాఫ్‌లోకి చేరింది. దాన్ని తర్వాత ఏ వాలిడేటరూ పట్టుకోలేదు. ఎందుకంటే అది నియమం అడిగిన రూపంలోనే ఉంది.

#13 · పైప్‌లైన్

కేటలాగర్ గారూ, మీరు చెప్పింది వినడానికి బాగుంది. మా దగ్గర రోజూ బయటి నుంచి ఫీడ్లు వస్తాయి. వాటిని సెర్చ్ ఇండెక్స్, రెండు యాప్‌లు వాడుకుంటాయి. షేప్ తప్పిందా, ఫీడ్ లోపలికి రాదు, అంతే. "వార్నింగ్", "ఇన్ఫో" సివియారిటీలు (తీవ్రత స్థాయిలు) పెట్టి చూశాం. ఆర్నెల్ల తర్వాత ఎవరూ చదవని వార్నింగ్‌ల కుప్ప మిగిలింది. స్కీమా అంటే ఒప్పందం. ఒప్పందం తప్పితే ఫలితం ఉండాలి.

#14 · కేటలాగర్

మీ ఫీడ్ పంపేవాళ్లకి ఆ షేప్ ముందే తెలుసా? తెలిస్తే అది ఒప్పందమే, నేను కాదనను. యూరప్‌లో ఓపెన్ డేటా కేటలాగ్‌ల కోసం డీక్యాట్-ఏపీ అనే ప్రమాణం ఉంది. దాని షాకిల్ షేపులు అందరికీ అందుబాటులో ఉంటాయి, పోర్టల్‌కి పంపేవాళ్లు ముందే చూసుకోవచ్చు. ఆరోగ్య రంగంలో ఎఫ్‌హెచ్ఐఆర్ స్పెసిఫికేషన్ తన ఆర్‌డీఎఫ్ రూపానికి షెక్స్ స్కీమాలు ఇస్తుంది. రెండు వైపులా తెలిసిన గీత ఉంది కాబట్టి దాటినవాళ్లని ఆపడం న్యాయమే.

ఈ థ్రెడ్ పెట్టినాయన పరిస్థితి అది కాదు కదా. డేటా వేరేవాళ్లది, వాళ్లు ఈయన షేప్ ఎన్నడూ చూడలేదు, తిప్పి పంపే అధికారం కూడా ఈయనకి లేదు. అలాంటప్పుడు ఫెయిలైన నోడ్ నేరస్తుడేం కాదు. "నువ్వు అనుకున్నట్టు నేను లేను" అని చెబుతోందంతే. ముందు మార్చుకోవాల్సింది షేప్ కావచ్చు.

#15 · పైప్‌లైన్

ఆ తేడా ఒప్పుకుంటా. తేదీ తప్పనిసరి అన్న నియమం మా షేప్‌లోనూ ఉంది, అది తీసేయాలేమో చూస్తా. మిగతాది మాత్రం మారదు :)

#16 · గ్రాఫ్_పిచ్చి

మూడో ప్రశ్నని అందరూ మర్చిపోయారు: డేటాలో ఏముందో తెలియకుండా స్కీమా ఎలా రాయాలి? తెలుసుకోవడానికే రాయాలి. నేను కొత్త డేటాసెట్ చేతికొస్తే చేసే పని ఇది.

ముందుగా వాయిడ్ (డేటాసెట్ గురించి చెప్పే పదజాలం) వర్ణన ఏదైనా ఇచ్చారేమో చూస్తా. ఉంటే ఏ క్లాసులో ఎన్ని నోడ్లు, ఏ ప్రాపర్టీ ఎన్నిసార్లు అన్నది అందులోనే ఉండొచ్చు. చాలాసార్లు ఉండదు, ఉన్నా పాతబడి ఉంటుంది. అప్పుడు స్పార్కుల్‌తో నేనే లెక్క వేసుకుంటా: క్లాస్, ప్రాపర్టీ, విలువ రకం (ఐఆర్‌ఐ, ఐఆర్‌ఐ లేని బ్లాంక్ నోడ్, ఏ డేటాటైప్), సంఖ్య. ఈ ఒక్క పట్టిక సగం రహస్యాలు విప్పేస్తుంది.

ఆ తర్వాత డేటా నుంచే షేపుల్ని తవ్వి తీసే టూల్స్ ఉన్నాయి, షెక్సర్ లాంటివి. ఈ క్లాసులో 98 శాతం మందికి పేరు ఉంది, 60 శాతం మందికి తేదీ ఉంది అన్న వివరాలతో షేప్ రాసి ఇస్తుంది. ఎంత శాతం దాటితే షేప్‌లో చేర్చాలో మనం చెప్పొచ్చు. ఒక హెచ్చరిక: అలా వచ్చిన షేప్‌ని అలాగే వాలిడేషన్‌కి పెట్టకండి. డేటాలో తప్పు ఎక్కువమంది చేసి ఉంటే ఆ తప్పే నియమంగా బయటికొస్తుంది. అది ఫొటో లాంటిది, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. ఎలా ఉండాలో మనమే తేల్చుకోవాలి.

నాకు బాగా ఇష్టమైన పని ఇంకోటి. కావాలనే బాగా బిగించిన షేప్ రాస్తా. క్లోజ్డ్ ట్రూ (చెప్పినవి తప్ప వేరే ప్రాపర్టీ ఉండకూడదు), ఇగ్నోర్డ్‌ప్రాపర్టీస్‌లో (మినహాయింపులు) టైప్ ఒక్కటే, నాకు తెలిసిన ఐదారు ప్రాపర్టీలు అంతే. ఎరుపు వరద వస్తుందని తెలుసు. ఆ వరదలోనే నేను ఊహించని ప్రాపర్టీలన్నీ పేరు పేరునా తేలతాయి. ఒక్కోదాన్ని చూసి, అవసరమైతే షేప్‌లో చేర్చి మళ్లీ నడుపుతా. నాలుగైదు విడతలు అయ్యేసరికి షేప్ డేటాకి దగ్గరవుతుంది, నాకు డేటా అర్థమవుతుంది. తప్పులు వెతకడం అప్పుడు మొదలు.

ఇక మీ 11 వేల వయొలేషన్లు. వాటిని ఒక్కొక్కటిగా చదవకండి. షాకిల్ రిపోర్టు కూడా ఆర్‌డీఎఫ్ గ్రాఫే. దాన్నే స్టోర్‌లో ఎక్కించి, రిజల్ట్‌పాత్ (ఏ ప్రాపర్టీ), సోర్స్ కన్‌స్ట్రెయింట్ కాంపొనెంట్ (ఏ రకం నియమం) ప్రకారం గ్రూప్ చేసి లెక్క తీయండి. ఫోకస్‌నోడ్ (ఫెయిలైన నోడ్) ఐఆర్‌ఐ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చేర్చండి. 11 వేలు కాస్తా పది వరసలు అవుతాయి, రాసి పెట్టుకోండి.

#17 · స్పార్కుల్‌వాలా

పైదానికి +1. ఇంకోటి, పేరుకి డేటాటైప్ స్ట్రింగ్ అని మాత్రం పెట్టకండి. భాష ట్యాగ్ ఉన్న లిటరల్ రకం లాంగ్‌స్ట్రింగ్, అది స్ట్రింగ్ కాదు. "టీఈ" ట్యాగ్‌తో ఉన్న తెలుగు పేర్లన్నీ ఫెయిలవుతాయి. రెండింటినీ ఒప్పుకునేలా "ఆర్" లిస్టు (ఏదో ఒకటి సరిపోతే చాలు) పెట్టి, యూనిక్‌ల్యాంగ్ ట్రూ చేర్చండి. ఒకే భాషలో రెండు పేర్లుంటే అది పట్టుకుంటుంది.

#18 · గమనిస్తున్నా

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, మొదటిసారి రాస్తున్నా. 40 లక్షల ట్రిపుల్స్‌ని పైషాకిల్ మోస్తుందా? నా ల్యాప్‌టాప్‌లో అందులో సగానికే మెమరీ అయిపోయి ఆగిపోయింది.

#19 · నిదానం

స్వాగతమండీ. పైషాకిల్ గ్రాఫ్ మొత్తాన్ని పైథాన్ మెమరీలోకి లాగుతుంది, ఆర్‌డీఎఫ్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీ మీద నడుస్తుంది కాబట్టి పెద్ద ఫైళ్లకి నెమ్మదే. అపాచీ జెనా షాకిల్ కమాండ్ ప్రయత్నించండి. రోజూ మారే డేటా అయితే ఆర్‌డీఎఫ్4జే అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో షాకిల్ సెయిల్ ఉంది, ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యేటప్పుడే చూస్తుంది, తప్పుంటే కమిట్‌ని ఆపేస్తుంది.

ముక్కలు చేసి నడపడం కూడా కుదురుతుంది, కానీ ఎక్కడ పడితే అక్కడ కోయకూడదు. రచయిత ఒక ముక్కలో, పుట్టిన స్థలం ట్రిపుల్స్ ఇంకో ముక్కలో పడితే స్థలం షేప్ అన్యాయంగా ఫెయిలవుతుంది. షేప్ ఎన్ని మెట్లు దూరం చూస్తుందో అన్ని మెట్ల పొరుగు నోడ్లనీ కలిపి కోయాలి.

వికీడేటాతో పని ఉన్నవాళ్లకి: క్వెరీ సర్వీస్‌లో ఒక్కో క్వెరీకి 60 సెకన్ల గడువు. నోడ్ల జాబితా మాత్రం అక్కడ తీసుకుని, ఒక్కో ఐటమ్ ఆర్‌డీఎఫ్‌ని విడిగా దించుకుని ఇక్కడ పరీక్షించుకోండి. అక్కడ టైప్ బదులు పీ31, సబ్‌క్లాస్‌ఆఫ్ బదులు పీ279 వాడతారు కాబట్టి షాకిల్ టార్గెట్‌క్లాస్ ఐటమ్స్ మీద పనిచేయదు. ఎవరైనా రిపోర్టు పచ్చగా ఉందని సంబరపడితే #4 చూడండి.

#20 · షేప్_మాస్టారు

వికీడేటా మాట వచ్చింది కాబట్టి: 2019 నుంచి అక్కడ షెక్స్ స్కీమాలకే ప్రత్యేక నేమ్‌స్పేస్ ఉంది. ఒక్కో స్కీమాకి "ఈ" అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది, మనిషికి ఈ10. షేప్ రాయడం నేర్చుకోవాలంటే వేరేవాళ్లు రాసినవి చదవడమే మంచి దారి. అక్కడ ప్రాపర్టీ కన్‌స్ట్రెయింట్స్ అని ఇంకో పద్ధతి కూడా ఉంది, ఎడిట్ చేసేటప్పుడు పక్కన చిన్న గుర్తుతో హెచ్చరిస్తుంది, సేవ్ కాకుండా ఆపదు. పైప్‌లైన్ గారికి నచ్చకపోవచ్చు :)

#21 · కొత్త_గ్రాఫ్

గ్రాఫ్_పిచ్చి గారు చెప్పినట్టు రిపోర్టుని గ్రూప్ చేశాను. 11 వేలలో 9 వేలకు పైగా ఒకే వరసలో తేలాయి: పుట్టిన తేదీ, డేటాటైప్ కన్‌స్ట్రెయింట్, అన్నీ ఒకే మూలం నుంచి. అక్కడ తేదీ లేదు, ఒట్టి సంవత్సరమే, జీఇయర్ రకంలో. అంటే వాళ్లు తమకి తెలిసినంతే నిజాయితీగా రాశారు, నా షేపే ఒప్పుకోలేదు. పేరు లేనివాళ్లలో చాలామందికి పేరు ఉంది, కాకపోతే స్కీమా డాట్ ఆర్గ్ నేమ్ బదులు ఫోఫ్ అనే ఇంకో పదజాలంలోని నేమ్‌లో ఉంది. నిజంగా రెండు తేదీలున్నవాళ్లు కొన్ని వందల మంది, ఇద్దరు వేరు వేరు మనుషుల్ని సేమ్‌యాజ్‌తో కలిపేసినట్టు కనిపిస్తోంది. వాళ్లని చూడాలి.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. తేదీకి షేప్ ఎలా మార్చాలి? సేమ్‌యాజ్ తప్పుల్ని డేటా ఇచ్చినవాళ్లకి ఎలా చెప్పాలి, రిపోర్టు ఫైల్ మొత్తం పంపేయనా?

#22 · కేటలాగర్

తేదీకి ఆర్ లిస్టులో మూడు పెట్టండి: డేట్, జీఇయర్‌మంత్, జీఇయర్. మిన్‌కౌంట్ పెట్టకండి. మాక్స్‌కౌంట్ 1ని విడి ప్రాపర్టీ షేప్‌గా చేసి సివియారిటీ వార్నింగ్ ఇవ్వండి, మెసేజ్‌లో "రెండు పుట్టిన తేదీలు, సేమ్‌యాజ్ సరిచూడండి" అని మామూలు మాటల్లో రాయండి. పైషాకిల్ వార్నింగ్ ఉన్నా కన్ఫార్మ్స్ ఫాల్స్ అనే అంటుంది, స్పెసిఫికేషన్ అలాగే ఉంది, కంగారు పడకండి. లెస్‌దాన్ పెట్టే ఆలోచన ఉంటే #10 చదివాక పెట్టండి. పేరుకి పాత్‌లో ఆల్టర్నేటివ్‌పాత్ వాడి నేమ్, ఫోఫ్ నేమ్ రెండూ ఇవ్వొచ్చు.

రిపోర్టు మొత్తం మాత్రం పంపకండి, ఎవరూ తెరవరు. సేమ్‌యాజ్ అనుమానితులవి మాత్రం ఒక పట్టిక: వాళ్ల ఐఆర్‌ఐ, మొదటి తేదీ, రెండో తేదీ, ఏ ఫైల్ నుంచి వచ్చింది. దాంతో పాటు షేప్ ఫైల్ కూడా పెట్టండి, వాళ్లు తమ దగ్గర నడిపి చూసుకుంటారు. జీఇయర్ గురించి వాళ్లకి రాయాల్సిన పనే లేదు.

#23 · స్పార్కుల్‌వాలా

షేప్ ఫైల్‌తో పాటు ఆ చెడ్డ నమూనా ఫైల్ కూడా పెట్టండి. వాళ్ల ఐఆర్‌ఐలు "హెచ్‌టీటీపీఎస్"తో ఉంటే మీ షేప్ వాళ్ల దగ్గర మళ్లీ పచ్చగా వస్తుంది.

#24 · కొత్త_గ్రాఫ్

అది తట్టనే లేదు. టార్గెట్ రెండు ఐఆర్‌ఐలకీ పెట్టి పంపిస్తున్నాను. జవాబు వస్తే ఇక్కడే రాస్తా.